గోదావరి నీళ్లలో బ్రయోజోవన్లు: వెతకడం, గుర్తుపట్టడం, రాసిపెట్టడం

గోదావరి రేవులో చాన్నాళ్లుగా కట్టేసి ఉన్న పడవ అడుగును చేత్తో తడిమితే జిగటగానో గరుకుగానో ఏదో తగులుతుంది. పాచి అనుకుని వదిలేస్తాం. అందులో కొంత నిజంగా పాచే, కొంత మంచినీటి స్పంజి. మిగతా దాంట్లో బ్రయోజోవన్లు ఉండే అవకాశం బాగా ఉంది. ఇవి జంతువులు. ఒక్కోటి మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ ఉంటుంది. వందలు, వేలు కలిసి కాలనీ కడతాయి. ప్రతి జీవికీ నోటి చుట్టూ సన్నని స్పర్శకాల గుత్తి ఉంటుంది, దాన్ని లోఫోఫోర్ అంటారు. దాంతోనే నీళ్లలోని శైవలాలను, బాక్టీరియాను వడగట్టుకుని తింటాయి.

సముద్రంలో వీటి జాతులు వేలల్లో ఉన్నాయి. మంచినీటిలో మాత్రం ప్రపంచం మొత్తం మీద వందకు అటూ ఇటూగానే. ఇంత చిన్న గుంపులో పేరు పెట్టడం ఎంతసేపు అనిపిస్తుంది. ప్రజాతి (జీనస్) వరకూ నిజంగానే పెద్ద కష్టం లేదు. తలనొప్పంతా జాతి (స్పీషీస్) దగ్గరే.

ఈ జంతువుల చరిత్రలో గోదావరి పరీవాహకానికి పాత చోటే ఉంది. నాగపూర్ చెరువుల్లో స్టీఫెన్ హిస్లోప్ అనే మిషనరీ సేకరించిన నమూనాలను బొంబాయిలో ఉన్న హెచ్.జె. కార్టర్ పరిశీలించి, 1858లో హిస్లోపియా లాకుస్ట్రిస్ అని పేరు పెట్టాడు. నాగపూర్ నీళ్లు కన్హాన్, వైన్‌గంగ, ప్రాణహితల మీదుగా కాళేశ్వరం దగ్గర మన గోదావరిలోనే కలుస్తాయి. ఆ తర్వాత 1911లో నెల్సన్ అనండేల్ బ్రిటిష్ ఇండియా జంతుజాలం వరుసలో మంచినీటి స్పంజిలు, హైడ్రాలతో పాటు వీటి మీదా ఒక సంపుటం రాశాడు. ఇన్నేళ్లు గడిచినా మన డెల్టా కాలువల్లో ఏ జాతి ఎక్కడుందో చెప్పే రికార్డులు తక్కువే. కాబట్టి ఓపిగ్గా చూసి సరిగ్గా రాసిపెట్టే కాలేజీ విద్యార్థి రికార్డుకు కూడా ఇక్కడ విలువ ఉంటుంది. ‘సరిగ్గా’ అంటే ఏమిటో చెప్పడానికే ఈ మార్గదర్శి.

ముందే ఒక్క మాట. కాలనీ ఫొటో చూసి జాతి పేరు పెట్టకండి. నిలకడ నీటిలో కొమ్మలుగా పాకిన ప్లూమటెల్లా, ఇరుకైన చోట గొట్టాలు నిలబెట్టి పూర్తిగా వేరే జంతువులా కనిపిస్తుంది. పేరు తేల్చేది స్టాటోబ్లాస్టు. అంటే కాలనీ లోపల తయారయ్యే గట్టి పెంకు గల సుప్తావస్థ మొగ్గ. ఒక విధంగా ఇది విత్తనం: కాలనీ చచ్చిపోయినా, నీరు ఎండిపోయినా ఇది బతికుండి మళ్లీ మొలుస్తుంది. అది చేతిలో లేకపోతే ప్రజాతి దగ్గరే ఆగిపోవాలి, ఆగిపోవడంలో తప్పేమీ లేదు.

ఎప్పుడు వెళ్లాలి

జులై నుంచి సెప్టెంబరు దాకా ఎర్రనీళ్లు వస్తాయి. ఆ వరదలో వెతకడం దండగ, పైగా ప్రమాదం. కార్తీకం వచ్చేసరికి నీరు తేటపడుతుంది. నవంబరు నుంచి ఫిబ్రవరి చివరి వరకూ బతికున్న కాలనీలు చూడటానికి మంచి రోజులు.

వేసవిలో ఇంకో అవకాశం ఉంది. మరమ్మతుల కోసం డెల్టా కాలువలు కట్టేసినప్పుడు లాకు గోడలు, వంతెన స్తంభాలు, తూము తలుపులు అడుగుదాకా బయటపడతాయి. వాటి మీద ఎండిపోయిన కాలనీల గొట్టాలు, అతుక్కుపోయిన స్టాటోబ్లాస్టులు కనిపిస్తాయి. నీళ్లలో దిగే పని లేకుండా పొడినేల మీద నిలబడి సేకరించొచ్చు. నన్నడిగితే కొత్తవాళ్లు ఇక్కడే మొదలుపెట్టాలి.

ఏమేం కావాలి

పది లేదా ఇరవై రెట్లు పెద్దగా చూపే చేతి భూతద్దం, పాత బ్లేడు, సన్న మొన ఉన్న చిమటా, మూత గట్టిగా పట్టే చిన్న సీసాలు, తెల్ల ప్లాస్టిక్ ట్రే, పెన్సిలు, ట్రేసింగ్ పేపరు ముక్కలు, థర్మామీటరు, ఫోను. బురద వడగట్టడానికి రెండు రకాల వల కావాలి: సుమారు 1 మిల్లీమీటరు కన్నుది ఒకటి, 200 మైక్రాన్లది ఒకటి. రెండోదాని కోసం ల్యాబ్ సామాన్ల దుకాణానికి వెళ్లక్కర్లేదు. కోస్తాలో రొయ్యల హేచరీలకు సామాను అమ్మే చోట మైక్రాన్ల లెక్కన నైలాన్ వల కోసి ఇస్తారు.

ఇంటి దగ్గర మైక్రోస్కోప్ తప్పనిసరి. 40 నుంచి 100 రెట్లు చాలు. కొలిచే గీతలున్న ఐపీస్ ఉంటే చాలా మంచిది. కాగితంతో మడిచి చేసే ఫోల్డ్‌స్కోప్‌తో స్టాటోబ్లాస్టు బయటి ఆకారం తెలుస్తుంది కానీ కొలతలకు దాన్ని నమ్ముకోవద్దు.

నీటి దగ్గర

బ్రయోజోవన్లకు అతుక్కోవడానికి గట్టి ఆధారం, నీడ, నెమ్మదిగా కదిలే నీరు కావాలి. రాయి పైభాగం కాదు, తిరగేసి అడుగు చూడండి. మునిగిన చెట్టు కొమ్మలు, తామరాకుల అడుగు, పంటు కింద రేకు, కట్టుతాళ్లు, చేపల పంజరాల వలలు, నత్తగుల్లలు, ఏళ్ల తరబడి నీళ్లలో పడి ఉన్న ప్లాస్టిక్ డబ్బాలు, అన్నీ చూడదగ్గవే. గుర్రపుడెక్క వేళ్ల మధ్య కూడా దొరుకుతాయి కానీ అక్కడ వెతకడానికి ఓపిక కావాలి. మెత్తటి బురదలో, ఎండ నేరుగా పడే ఇసుక మేటల మీద టైమ్ వేస్ట్ చేసుకోవద్దు.

జాగ్రత్తల సంగతి. ఇసుక తవ్విన గుంతలు నది అడుగున ఎక్కడున్నాయో పైకి తెలియదు. మోకాలు లోతు అనుకున్న చోట తర్వాతి అడుగులో మునిగిపోవచ్చు. బ్యారేజీ దిగువన గేట్లు ఎత్తితే నీరు చకచకా పెరుగుతుంది. ఒంటరిగా దిగొద్దు. ఆ రేవు తెలిసిన పడవ మనిషినో, వల వేసేవాళ్లనో అడిగి వెళ్లండి. ఏ వలకు, ఏ తాడుకు ‘నాచు’ పట్టి విసిగిస్తుందో వాళ్లే చూపిస్తారు. పాపికొండల నేషనల్ పార్కు పరిధిలో అయితే అటవీశాఖ అనుమతి లేకుండా ఏమీ తీసుకోకూడదు.

కాలనీ కనిపించగానే గీకకండి. ముందు ఉన్నచోటే ఫొటో తీయండి, పక్కన స్కేలు పెట్టి ఇంకొకటి తీయండి. తర్వాత వీలైతే అది అతుక్కున్న పుల్లనో, ఆకునో, పెంకునో ముక్కగా కోసి తీసుకోండి. కాలనీని ఒలిచి తెస్తే ఆధారానికి అతుక్కుని ఉండే రకం స్టాటోబ్లాస్టులు అక్కడే మిగిలిపోతాయి, ఒకోసారి జాతిని తేల్చేది అవే. గోడ మీద అయితే గీకాక ఆ మచ్చను భూతద్దంతో మళ్లీ చూసి, ముదురు గోధుమరంగు గుండ్రటి చుక్కలు మిగిలాయేమో గమనించి, బ్లేడుతో వాటినీ లేపండి. ఉన్నదంతా ఊడ్చుకురావద్దు. రెండు మూడు సెంటీమీటర్ల ముక్క చాలు.

అది నిజంగా బ్రయోజోవనేనా?

ముక్కను అదే నది నీళ్లతో తెల్ల ట్రేలో పెట్టి, నీడలో పావుగంట కదల్చకుండా వదిలేయండి. మొదట ఏమీ ఉండదు. తర్వాత గొట్టాల కొసల నుంచి ఒక్కొక్కటిగా పారదర్శకమైన స్పర్శకాల గుత్తులు బయటికి వస్తాయి. వెలుతురు పక్కనుంచి పడేలా పట్టుకుంటే గుత్తి లోపలికి సన్న రేణువులు సుడి తిరుగుతూ వెళ్లడం కూడా కనిపిస్తుంది. ట్రే అంచును గోటితో తట్టండి. చటుక్కున అన్నీ ఒకేసారి లోపలికి పోతాయి. పాచి అలా చేయదు, స్పంజీ చేయదు.

ఎక్కువగా మోసం చేసేవి కైరోనోమిడ్ అనే దోమలాంటి పురుగుల లార్వాల గొట్టాలు. అవి కూడా కొమ్మల్లా పాకినట్టుంటాయి కానీ మట్టితో కట్టినవి, చిమటాతో విప్పితే లోపల ఎర్రటో పచ్చటో పురుగు మెలికలు తిరుగుతుంది. స్పంజిని వేళ్ల మధ్య నలిపితే గరగరలాడుతుంది, మైక్రోస్కోప్ కింద సూదుల్లాంటి సిలికా ముళ్లు కనబడతాయి. నత్త గుడ్ల ముద్దలో గుడ్లు విడివిడిగా కనిపిస్తాయి, ఏదీ బయటికి రాదు, లోపలికి పోదు.

జిగురు ముద్దలాంటివి దొరికితే వాటిని చేపలున్న తొట్టెలో వేయకండి. లోఫోపోడెల్లా కార్టెరి అనే బ్రయోజోవన్ జాతి కాలనీ నలిగినప్పుడు బయటికొచ్చే ద్రవం చేపలకు విషం.

ప్రజాతి దాకా

మొదట లోఫోఫోర్ ఆకారం చూడండి. పై నుంచి చూస్తే స్పర్శకాలు గుర్రపు నాడా ఆకారంలో ఉన్నాయా, పూర్తి గుండ్రంగా ఉన్నాయా?

పూర్తి గుండ్రంగా ఉండి, కాలనీ రాతికో నత్తగుల్లకో పలచగా అంటుకుని, చిన్న పారదర్శక గదులు పక్కపక్కన పరిచినట్టుండి, ఒక్కో గది ద్వారం నలుచదరంగా కనిపిస్తే అది హిస్లోపియా. దీనికి స్టాటోబ్లాస్టులు ఉండవు, వెతికి టెన్షన్ పడొద్దు. సముద్రపు పోటు తగిలే పాయల్లో, ఉప్పు కలిసిన నీళ్లలో సన్నటి నిలువు గొట్టాలతో, ఎనిమిదే స్పర్శకాలతో ఉండేది విక్టోరెల్లా.

స్పర్శకాలు దాదాపు గుండ్రంగానే ఉన్నా, కాలనీ గోధుమరంగు గొట్టాలతో జింక కొమ్ముల్లా చీలుతూ ఉంటే ఫ్రెడెరిసెల్లా అనుకోవచ్చు. దీని స్టాటోబ్లాస్టు చిక్కుడు గింజ ఆకారంలో, చుట్టూ గాలి పట్టీ లేకుండా గొట్టం లోపలే ఉంటుంది.

లోఫోఫోర్ స్పష్టంగా గుర్రపు నాడా ఆకారంలో ఉంటే మన దగ్గర దొరికే వాటిలో ముఖ్యమైనవి నాలుగు. గోధుమరంగు లేదా పారదర్శక గొట్టాలతో కొమ్మలుగా పాకేది ప్లూమటెల్లా, మీకు ఎక్కువసార్లు తగిలేది ఇదే. గొట్టాలు ఉబ్బి, మెత్తగా, గాజులా తేటగా ఉంటే హయాలినెల్లా. కొన్ని మిల్లీమీటర్ల జిగురు ముద్దలుగా, ఆధారం మీద మెల్లగా జరిగేవి లోఫోపోడెల్లా. చేతికి నిండుగా వచ్చే పెద్ద జిగురు గడ్డ అయితే అసజిరెల్లా జెలటినోసా కావచ్చు. ఇంటర్నెట్‌లో జిగురు గడ్డ ఫొటో కనబడితే చాలు పెక్టినాటెల్లా మాగ్నిఫికా అనేస్తారు. అది ఉత్తర అమెరికా నుంచి ఇతర ఖండాలకు పాకిన జాతి. గడ్డ పోలికతో ఆ పేరు రాయకండి. స్టాటోబ్లాస్టు చుట్టూరా కొక్కేలు ఉంటేనే ఆ వైపు ఆలోచించాలి.

స్టాటోబ్లాస్టు మీద కన్ను పెట్టి

అసలు పని ఇదే, కాబట్టి ఇక్కడ తొందర పనికిరాదు.

కాలనీ గొట్టాన్ని చిమటాతో మెల్లగా చీల్చితే లోపల నుంచి గోధుమరంగు గింజలు జారుతాయి. నీటి చుక్కలో వేసి, కవర్‌స్లిప్ పెట్టకుండా ముందు చూడండి. తేలిపోయి, అంచు చుట్టూ తేనెపట్టు గదుల్లాంటి పట్టీ ఉన్నవి ఫ్లోటోబ్లాస్టులు. ఆ పట్టీ పేరు యాన్యులస్, అందులో గాలి ఉంటుంది. పట్టీ మధ్యలో గదులు కప్పని భాగం ఫెనెస్ట్రా. ఆధారానికి సిమెంటు వేసినట్టు అతుక్కునేవి సెస్సోబ్లాస్టులు, వీటిలో గాలి గదులు ఉండవు.

ప్రతి ఫ్లోటోబ్లాస్టుకూ రెండు పెంకులు ఉంటాయి. రెండు వైపులా ఫెనెస్ట్రా ఒకే సైజులో ఉండదు. అది చిన్నగా ఉండేది పృష్ఠ (వీపు) వైపు, పెద్దగా ఉండేది ఉదర (పొట్ట) వైపు. కొత్తవాళ్లు ఒక వైపే ఫొటో తీసి పంపుతారు, సగం సమాచారం అక్కడే పోతుంది. తిప్పి రెండో వైపూ తీయాలి. ఒకదాన్ని పక్కకు పడుకోబెట్టి మూడో ఫొటో కూడా తీయండి, ఏ పెంకు ఎంత ఉబ్బిందో దానిలోనే తెలుస్తుంది.

కొలవాల్సినవి: మొత్తం పొడవు, మొత్తం వెడల్పు, రెండు ఫెనెస్ట్రాల పొడవు, వెడల్పు. ప్లూమటెల్లా ఫ్లోటోబ్లాస్టు పొడవు సాధారణంగా అర మిల్లీమీటరు లోపే. ఒకే కాలనీ నుంచి కనీసం పదిహేను ఇరవై కొలిచి, కనిష్ఠం, గరిష్ఠం, సగటు మూడూ రాయండి. ఒక్కదాన్ని కొలిచి రాసిన అంకెతో ఎవరూ ఏమీ చేయలేరు.

పెంకులు విడదీసి చూడాలంటే పలచని పొటాషియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో వేసి కాస్త వేడి చేస్తే విడిపోతాయి. చేతి తొడుగులు, కళ్లద్దాలు లేకుండా ఈ పని చేయొద్దు. పిల్లలైతే టీచరు దగ్గరుండి చేయించాలి. విడిపోయిన పెంకు మీద బుడిపెలున్నాయా, వల అల్లిక ఉందా, నున్నగా ఉందా అన్నది జాతిని తేల్చే లక్షణాల్లో ఒకటి. ఈ ఉపరితలం నిజంగా తేలాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి, యూనివర్సిటీలతో పరిచయం పనికొచ్చేది ఇక్కడే.

ఈ పద్ధతిలో ఏం తేలుతుందో చూడండి. యాన్యులస్ పృష్ఠ వైపు బాగా లోపలికి కమ్ముకొచ్చి ఫెనెస్ట్రా చిన్నదైపోయి, ఉదర పెంకు ఎక్కువ ఉబ్బి ఉంటే ప్లూమటెల్లా ఎమార్జినేటా వైపు చూడాలి. ఒకే కాలనీలో ఒకటి కన్నా ఎక్కువ రకాల ఫ్లోటోబ్లాస్టులు, అందులో కొన్ని పలచని పెంకుతో ఉంటే ప్లూమటెల్లా కాస్మియానా గుర్తుకు రావాలి. ఫ్లోటోబ్లాస్టులు ఉండి, ఆధారం ఎంత గీకి వెతికినా సెస్సోబ్లాస్టు ఒక్కటీ లేకపోతే హయాలినెల్లా అన్న అనుమానం బలపడుతుంది. లోఫోపోడెల్లా కార్టెరిది చూడగానే తెలిసిపోతుంది: కోలగా ఉండి, రెండు కొసల్లో మాత్రమే సన్న ముళ్లు, ఆ ముళ్లకు ఇంకా చిన్న కొక్కేలు. అసజిరెల్లాది మిల్లీమీటరు దాటుతుంది, పొడవాటి ముళ్లు ఉండవు, గుర్రపు జీను లాగా వంగి ఉంటుంది.

పాత జాబితాల్లో ప్లూమటెల్లా రెపెన్స్ అన్న పేరు తరచూ కనబడుతుంది. ఒకప్పుడు చాలా జాతులను ఆ ఒక్క పేరు కిందే వేసేవారు. అందుకే ‘ఇదివరకు ఇక్కడ రెపెన్స్ ఉందట’ అన్న ఆధారంతో మీ నమూనాకు ఆ పేరు పెట్టకండి.

కాలనీ దొరక్కపోతే

రేవు వార గాలి తోసిన నురగ, చెత్త గీతలా పేరుకుంటుంది. దాన్ని దోసెడు తీసి 1 మిల్లీమీటరు వలలో కడిగి, కిందికి దిగినదాన్ని 200 మైక్రాన్ల వలలో పట్టండి. మిగిలినదాన్ని నీటి గిన్నెలో వేస్తే ఫ్లోటోబ్లాస్టులు పైకి తేలతాయి. ఎండిన ఒడ్డు మట్టి అయినా ఇదే పద్ధతి. తేలకపోతే నీళ్లలో చక్కెర బాగా కలపండి. ఇలా దొరికినవాటిని రాసేటప్పుడు ‘స్టాటోబ్లాస్టులు మాత్రమే, కాలనీ చూడలేదు’ అని తప్పకుండా రాయాలి. అవి ఎగువన ఎంతో దూరం నుంచి కొట్టుకొచ్చి ఉండొచ్చు.

వాటిని మొలిపించి కూడా చూడొచ్చు. పెట్రీడిష్‌లో నది నీళ్లు పోసి గది ఉష్ణోగ్రతలో ఉంచితే కొన్ని రోజుల్లో పెంకులు విచ్చుకుని తొలి జీవి బయటికొస్తుంది. అది అంటుకున్నాక డిష్‌ను చేపల చెరువు నీళ్లున్న తొట్టెలో నిలువుగా వేలాడదీయండి. మలినం దాని మీద పేరుకోకుండా కిందికి జారిపోతుంది.

ఇంకో దారి: ప్లాస్టిక్ పలకలకు తాడు కట్టి, నీటికి అర మీటరు లోపల, నీడ ఉన్న చోట మూడు నాలుగు వారాలు వేలాడదీయడం. ఊళ్లో వాళ్లకు చెప్పి కట్టండి, లేకపోతే ఎవరో ఒకరు విప్పుకుపోతారు.

నిల్వ చేయడం

బతికున్న కాలనీని నేరుగా ఆల్కహాల్‌లో ముంచితే అన్నీ లోపలికి ముడుచుకుపోతాయి, ఇక లోఫోఫోర్ కనిపించదు. ముందు మత్తు ఇవ్వాలి. ఆయుర్వేద మూలికల కొట్లో దొరికే పుదీనా పువ్వు, అంటే మెంథాల్ పలుకులు, నాలుగైదు నీటి పైన వేసి ఓ గంట ఆగండి. సూదితో తాకినా ముడుచుకోకపోతే 70 శాతం ఇథనాల్‌లోకి మార్చండి. ఇథనాల్ దొరకని చోట మెడికల్ షాపులో అమ్మే ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో ఆకారం నిలుస్తుంది. డీఎన్ఏ పరీక్ష ఆలోచన ఉంటే ఒక ముక్కను విడిగా 95 శాతం ఇథనాల్‌లో వేయండి. ఫార్మాలిన్ మాత్రం వద్దు, డీఎన్ఏ పాడవుతుంది. కొన్ని స్టాటోబ్లాస్టులను కాగితం పొట్లంలో పొడిగా కూడా దాచండి.

చీటీ సీసా లోపలే ఉండాలి, పెన్సిల్‌తోనే రాయాలి. బాల్‌పెన్ సిరా ఆల్కహాల్‌లో కరిగిపోతుంది.

రికార్డు

తేదీ, సమయం, ఫోన్ చూపించిన అక్షాంశ రేఖాంశాలు, అవి ఎన్ని మీటర్ల వరకూ కచ్చితమో, ఊరు, రేవు లేదా కాలువ పేరు, లోతు, నీటి ఉష్ణోగ్రత, నీటి తేట, ప్రవాహం, దేని మీద అంటుకుంది, ఎండా నీడా, కాలనీ పరిమాణం, బతికుందా ఎండిందా, స్టాటోబ్లాస్టులు ఏ రకం, చుట్టూ ఇంకేం ఉన్నాయి. ఇవన్నీ అక్కడే రాయాలి. ఇంటికెళ్లాక రాద్దామనుకుంటే సగం ఊహలే రాస్తాం.

నమూనాకు ఒక ఎంట్రీ ఇలా ఉండొచ్చు: ‘కాలువ లాకు, ఎడమ గోడ, నీడ వైపు, నీటికి 30 సెం.మీ. కింద, సిమెంటు మీద. గోధుమరంగు కొమ్మలు, అరచేయంత. లోఫోఫోర్ గుర్రపు నాడా. ఫ్లోటోబ్లాస్టులు, సెస్సోబ్లాస్టులు రెండూ ఉన్నాయి. 18 ఫ్లోటోబ్లాస్టులు కొలిచాను, రెండు వైపుల ఫొటోలు ఉన్నాయి. ప్లూమటెల్లా, జాతి తేలలేదు.’ చివరి రెండు మాటలు రాయడానికి మొహమాటపడొద్దు. ‘ప్లూమటెల్లా, జాతి తేలలేదు’ అన్న రికార్డును పదేళ్ల తర్వాత ఎవరైనా సీసా తెరిచి పూర్తి చేయగలరు. ధీమాగా రాసిన తప్పు పేరు జాబితాల్లోకి ఎక్కితే దాన్ని తీసేయడం ఎవరి తరమూ కాదు.

వెతికినా దొరకని చోటును కూడా రాయండి: ఎంతసేపు, ఏయే ఆధారాల మీద వెతికారో సహా. పేరు ఎవరు పెట్టారు, ఏ లక్షణాన్ని బట్టి పెట్టారు అన్నదీ ఉండాలి. పేర్లు మారుతుంటాయి. ఇప్పుడు అసజిరెల్లా జెలటినోసా అంటున్నదాన్ని అనండేల్ కాలంలో పెక్టినాటెల్లా బర్మానికా అనేవారు. లక్షణం రాసి ఉంటే పేరు మారినా రికార్డు చెల్లుతుంది.

ఫొటోలు, వివరాలు ఐనాచురలిస్ట్ వెబ్‌సైట్‌లోనో, ఇండియా బయోడైవర్సిటీ పోర్టల్‌లోనో పెట్టండి. ఐనాచురలిస్ట్‌లో నిర్ధారణ అయి, లైసెన్సు అనుమతించే రికార్డులు జీబిఫ్ అనే అంతర్జాతీయ డేటా నిధిలోకి వెళతాయి. సీసాలు మాత్రం మీ అల్మారాలో ఉంచుకోవద్దు. ముందుగా ఉత్తరం రాసి, కాలేజీ మ్యూజియానికో, హైదరాబాద్‌లో ఉన్న జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా మంచినీటి జీవశాస్త్ర కేంద్రానికో అప్పగించే వీలుందేమో కనుక్కోండి. అక్కడ ఇచ్చిన నంబరును మీ ఆన్‌లైన్ ఎంట్రీలో చేర్చండి.

ఇక ఒక రేవు నుంచి ఇంకో రేవుకు వెళ్లేముందు వల, చెప్పులు, ట్రే, తాళ్లు బాగా కడిగి ఎండబెట్టండి. స్టాటోబ్లాస్టులు ఎండకు చావకపోవచ్చు. అందుకని కడిగిన నీళ్లు కాలువలో పోయకుండా దూరంగా నేల మీద పారబోయండి.